నూటికి తొంభై ఒకటి

"ఇంత సదువు సదివి, నీళ్లు యాడుండాయో చెప్పగలవా, లేదా?"

ఎమ్మెస్సీ జియాలజీలో సీటు వచ్చిన రోజు తనూజను వాళ్ల జేజి, నాయన తల్లి గురమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తక్కినవాళ్లు ఎన్నేండ్లు చదవాలి, ఫీజెంత, హాస్టల్లో అన్నం ఎట్లుంటుంది అని ఆరా తీస్తుంటే, గడప పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ముసలావిడ ఒక్కతే పనికొచ్చే ప్రశ్న అడిగింది.

తనూజ నవ్వేసింది. "అంత సులువుగా చెప్పేది కాదు జేజీ."

"సులువుగా చెప్పేదానికి టెంకాయ పట్టుకోని తిరిగేటోడు ఉండాడు గదా. నువ్వెందుకు మల్ల?"

టెంకాయవాడంటే నీళ్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వెయ్యమంటాడు. నీళ్లు పడితే వాడి గొప్ప, పడకపోతే రైతు కర్మ. ఈ పద్ధతిని శాస్త్రం ఓడిస్తుందని తనూజ నమ్మింది. ఇరవై ఒకటో ఏట నమ్మడానికి అదేమీ పెద్ద తప్పు కాదు.

వాళ్లది వేంపల్లెకు ఆరు కిలోమీటర్ల దూరంలో పల్లె. ఏడెకరాల చేను, అందులో నాలుగెకరాలు చీనీ, అంటే బత్తాయి తోట. భూమి ఉన్నవాళ్లనే పేరే గాని, తోటలో సగం చెట్లు మార్చికే ఆకు రాలుస్తాయి. చేను నిండా అక్కడక్కడా రాతి పలకలు కప్పి ఉంటాయి. చిన్నప్పుడు ఆ పలకల మీద కూర్చునే ఆమె చీనీకాయలు వలుచుకు తినేది. పలకల కింద ఏముందో ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి కాబట్టే దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

భూగర్భశాస్త్రంలో వేంపల్లె అన్నది ఒక రాతి పొరకు పేరు. ఊరి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది రాయిగానే. కడపలో పీజీ రెండో ఏడు ఆ రాతిలో బోర్లు ఎంతవరకు నిలుస్తున్నాయన్నదే తనూజ ప్రాజెక్టు అయింది. గైడు ధనుంజయ సార్ ఇచ్చిన ప్రశ్నాపత్రం ఇంగ్లీషులో ఉంది. రెండు పేజీలు, ఇరవై ఆరు గళ్లు. దాన్ని తెలుగు చేసుకోమన్నాడు. "పుస్తకాల తెలుగులో అడిగితే రైతు దూరం జరుగుతాడమ్మా. మీ ఊరి మాటలోనే అడుగు" అని కూడా చెప్పాడు. మంచి సలహా. కొంప ముంచింది అదే.

నాలుగో గడిని తనూజ ఇలా రాసుకుంది: మీకు ఎన్ని బోర్లుండాయి? ఐదో గడి: అందులో నీళ్లొస్తాండేవి ఎన్ని?

మొదటి ఫారం వాళ్ల నాయన వెంకటేశ్వర్లుది. ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఇంట్లోనే మొదలుపెట్టింది.

"నాయనా, మనకు ఎన్ని బోర్లుండాయి?"

"రెండు. నీకు తెలీదా?"

"తెలుసు గానీ అడగాల. నీళ్లొస్తాండేవి ఎన్ని?"

"రెండూ వస్తాండాయి. తూర్పుది సన్నంగా వస్తాంది. సన్నంగా అని కూడా రాసుకో."

రాసుకుంది. తర్వాత మూడు నెలలు శని, ఆదివారాలు నాయన పాత మోపెడు మీద నాలుగు పల్లెలు తిరిగింది. నూట అరవై నాలుగు మంది రైతులు, రెండు వందల పన్నెండు బోర్లు. అందులో నూట తొంభై మూడింట్లో నీళ్లు వస్తున్నాయి, పంతొమ్మిది ఎండిపోయాయి. హాస్టల్లో కూర్చుని లెక్క కడితే నూటికి తొంభై ఒకటి వచ్చింది.

ఆ అంకె చూసి ధనుంజయ సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అందరూ ఈ రాతిలో నీళ్లు లేవనే రాశారు. నువ్వు ఉన్నాయంటున్నావు. ఇది కొత్త సంగతమ్మా" అన్నాడు. వారంలో వ్యాస సంగ్రహం తయారయింది. ఆయన పేరు ముందు, ఆమె పేరు వెనక.

నూటికి తొంభై ఒకటి పడుతుంటే ఆ నాలుగు పల్లెల్లో చీనీ చెట్లు ఎందుకు ఎండుతున్నాయని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అంకె అందంగా ఉంటే ఎవరూ దాన్ని ప్రశ్నలడగరు, ఉద్యోగం పెద్దదైతే పెళ్లికొడుకు అలవాట్లు అడగనట్టు.

ఆ అంకె మీద చాలా ఆధారపడి ఉంది. మార్చిలో కర్నూలులో సదస్సు. హైదరాబాదు నుంచి వచ్చే యామిని మేడమ్ అనే శాస్త్రవేత్త భూగర్భజలాల మీద మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెడుతోంది. అందులో పనిచెయ్యడానికి ఒక ఫెలో కావాలి. వేరే ఇంటర్వ్యూ ఉండదని, సదస్సులో విద్యార్థుల ప్రసంగాలు విని వాళ్లలోంచే ఒకరిని తీసుకుంటానని ఆమె ముందే రాసింది. నెలకు ముప్పై ఒక్క వేలు, మూడేళ్లు. అది రాకపోతే తనూజకు ఉన్న దారి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కాంట్రాక్టు పని, పదమూడు వేలు. అది కూడా ఎవరో ఎవరికో చెబుతానన్న మాట మాత్రమే.

పది నిమిషాల ప్రసంగాన్ని ఆమె హాస్టల్ మేడ మీద ఇరవై సార్లు చెప్పుకుంది. క్లాస్‌మేటు భూపేష్ ఫోన్లో టైము చూసేవాడు. అతనిది ఓర్వకల్లు. ఉపగ్రహ చిత్రాలకు రంగులు వేసి, ఊరు దాటకుండానే ప్రాజెక్టు ముగించాడు.

"వేదిక మీదుండే పెద్దలకు నమస్కారం అనేదానికే నలభై సెకన్లు పోతాంది. అది తీసెయ్" అన్నాడు.

"తీసేస్తే పెద్దలు ఊరుకోరు."

"అయితే రాళ్ల గురించి తగ్గించు. నీకేంలే తనూజా, నీకు అంకె ఉండాది. నాకుండేది రంగులే."

సదస్సుకు రెండు వారాల ముందు ఆమె ఇంటికి ఫోన్ చేసి నాయనకు ఆ అంకె చెప్పింది. వెంకటేశ్వర్లు దాన్ని ఇంకోసారి చెప్పించుకున్నాడు. "నిజమేనా అమ్మీ?" అన్నాడు. "నూటా అరవై నాలుగు మందిని అడిగినా నాయనా." ఆయన మాట్లాడలేదు. కూతురి చదువుకు పొంగిపోయాడని తనూజ అనుకుంది. నిజానికి ఆయన లెక్క వేసుకుంటున్నాడు.

సదస్సు గురువారం. ఆమె ప్రసంగం మధ్యాహ్నం. తెల్లవారి అయిదింటికి కడపలో కర్నూలు బస్సెక్కి, ఒళ్లో కాగితాలు పెట్టుకుని పెదాలు కదుపుతుంటే పక్క సీట్లో రామకోటయ్య వచ్చి కూర్చున్నాడు. వేంపల్లెలో మోటార్లు, పైపుల అంగడి ఆయనది. చుట్టుపక్కల రైతులకు బోరుబండి పిలిపించేది, ఆ దుడ్లు వసూలు చేసేది కూడా ఆయనే. పైపుల కోసం నంద్యాలకు పోతున్నాడు.

"ఏమ్మా తనూజా, ఇంత పొద్దున్నే యాడికి?"

"కర్నూలుకు మామా. సదస్సులో మాట్లాడేది ఉండాది."

"బోర్ల గురించే గదా. మీ నాయన చెప్పినాడులే. ఒక్క నాకే యేముంది, కనబడినోళ్లకంతా చెప్తాండాడు. నూటికి తొంభై ఒకటి పడ్తాండాయని మా అమ్మి లెక్క తీసింది, ఇంగ ఆలోచన చేసేదేముండాది అని బండి కూడా మాట్లాడించినాడు. శనివారం వస్తాంది."

"ఏం బండి?"

"బోరుబండి. మీ పడమటి చేన్లో పన్నెండో పాయింటు."

తనూజ కాగితాలు మూసింది. "పన్నెండోదేంది మామా? మాకుండేది రెండు బోర్లే గదా."

రామకోటయ్యకు నవ్వొచ్చింది. "బోర్లు రెండేనమ్మా, కాదని ఎవురన్నారు? నేను చెప్తాండేది గుంతలు. నీళ్లు పడనిదాన్ని బోరంటారా ఎవురన్నా? మీకు బోర్లు లెక్క, మాకు గుంతలు లెక్క. నీళ్లు పడినా దుమ్ము లేసినా అడుగుకు ఇంత అని మా రేటు మాకు పడాల గదా."

మైదుకూరు వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. తనూజకు చేను మీది రాతి పలకలు ఒకటొకటిగా కళ్ల ముందుకు వచ్చాయి. తొమ్మిది పలకలు, ఒక్కోదాని కింద నీళ్లు పడని ఒక గుంత. నాయన అబద్ధం చెప్పలేదు. నూట అరవై నాలుగు మందిలో ఒక్కరూ చెప్పలేదు. ఎండిపోయిన బోరుకు కూడా బోరనే పేరు ఉంది, ఒకప్పుడు నీళ్లిచ్చింది కాబట్టి. నీళ్లే పడనిదానికి ఆ పేరు రాదు. ఇంట్లో ఎంతమంది పిల్లలని అడిగితే పోయినవాళ్లను తలుచుకుంటారు గాని, పుట్టనివాళ్లను ఎవరూ లెక్క చెప్పరు. బయటినుంచి వచ్చినవాడెవడైనా అయితే "ఎన్నిసార్లు తవ్వించారు?" అని వచ్చీరాని తెలుగులో అడిగి సరైన జవాబు తెచ్చుకునేవాడు. ఆ మాటలోనే పుట్టి పెరిగింది కాబట్టి తనూజకు ఆ మాట వినబడలేదు.

"మామా, మన పక్క పది పాయింట్లేస్తే ఎన్ని పడ్తాయి?"

"ఇప్పుడా? రెండు. మూడు పడితే ఆ ఏడు మంచి ఏడు. నన్నడిగింటే మొదట్లోనే చెప్పేవాణ్ణి గదమ్మా. పదేండ్లది అంతా పుస్తకంలో ఉండాది."

"రైతులను మాత్రమే అడగమన్నారు మామా. ఆ పుస్తకం ఒకసారి నాకు చూపిస్తావా?"

రామకోటయ్య కిటికీ వైపు తిరిగాడు. "అది చూపించేది కాదులేమ్మా. ఒకరి బాకీ ఇంకొకరికి తెలిస్తే నేను ఊర్లో అంగడి తెరవలేను. నువ్వు చదువుకున్నదానివి, నీకు చెప్పాల్నా."

నంద్యాలలో ఆయన దిగాడు. బస్సు పావుగంట ఆగింది. తనూజ దిగి, టీ అంగడి పక్కన నిలబడి నాయనకు ఫోన్ చేసింది.

"నాయనా, బండి వద్దని చెప్పు. నా లెక్క తప్పు."

"ఏం తప్పు?"

"గుంతలు రాయలేదు. బోర్లే రాసినా."

"గుంతలెందుకు రాస్తారమ్మా?"

"అవి రాస్తే పదికి రెండే పడ్తాండాయి."

"మొన్న తొంభై ఒకటి అంటివి. ఇయ్యాల ఇరవై అంటాండావు. రేపు ఇంగొకటి అంటావు. మీటింగు భయానికి అట్లయితాందిలే. ముందు నీళ్లు తాగి, బాగా మాట్లాడి రాపో." ఫోన్ పెట్టేశాడు.

అక్కడి నుంచి ఓర్వకల్లు రాళ్లగుట్టలు వచ్చేదాకా ఆమె కొత్త ప్రసంగం తయారు చెయ్యాలని చూసింది. ఒక్క వాక్యం దాటి ముందుకు పోలేదు.

సదస్సు జరిగే కాలేజీ మెట్ల దగ్గర ధనుంజయ సార్ దొరికాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాడ్జి. ఆమె చెప్పినదంతా విన్నాడు. చెడ్డవాడేమీ కాదు, పదిహేనేళ్లుగా ప్రొఫెసర్ కావడానికి ఎదురుచూస్తున్నవాడు.

"వాళ్లు చెప్పిన బోర్ల వరకు నీ లెక్క రైటే కదా?" అన్నాడు.

"రైటే సార్."

"మరి? 'రైతులు చెప్పిన బోర్లలో' అని ఒక ముక్క కలుపు. సరిపోతుంది. సదస్సు సంచికలో అచ్చయిపోయింది, ఇప్పుడు తుడిచేదెట్లా?"

ఆ ముక్క కలిపితే అది అబద్ధం కూడా కాదు. చదువుకున్నవాళ్ల అబద్ధాలు చాలావరకు ఇలాగే, వేలెత్తి చూపడానికి వీల్లేని నిజాలుగా ఉంటాయి.

సభలో ఎనభై మంది దాకా ఉన్నారు. వేదిక వెనక బ్యానరు మీద రైతు తలపాగా చుట్టుకుని నవ్వుతున్నాడు. అంత నవ్వే రైతు ఆమెకు నాలుగు పల్లెల్లో ఎక్కడా తగల్లేదు. ఫ్యాను గాలికి దీపం మూడుసార్లు ఆరిపోయింది. శాలువాలకు నలభై నిమిషాలు పట్టింది. ముఖ్య అతిథి యువత పల్లెలకు తిరిగి పోవాలని చెప్పి, తను కారెక్కి నగరానికి పోయాడు. పోయిన కాలాన్ని విద్యార్థుల దగ్గర కోశారు. పది నిమిషాలు ఆరయ్యాయి.

ముందు భూపేష్ మాట్లాడాడు. నీలం, పసుపు, ఎరుపు. యామిని మేడమ్ ఏదో రాసుకుంది. తర్వాత తనూజ. వెనక గదిలోంచి పులిహోర వాసన వస్తోంది, చివరి వరసల్లో కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. రాతి పొరలు, నాలుగు పల్లెలు, సర్వే పద్ధతి అంటూ నాలుగు నిమిషాల్లో ఐదు స్లైడ్లు దాటించింది. ఆరోదాని మీద తొంభై ఒకటి అని ఎర్రటి అంకె, చెయ్యెత్తు. ఆ ఎరుపు తనే ఎంచుకుంది.

శనివారం బండి వచ్చేది లేకపోతే ఏం చేసేదో ఆమెకే తెలియదు. "ఈ అంకె తప్పు" అంది. "నీళ్లు పడనిదాన్ని మావాళ్లు బోరు అనరు, గుంత అంటారు. నేను బోర్లే అడిగాను. గుంతలు ఇందులో లేవు. మొత్తం కలిపితే పదింట్లో రెండో మూడో పడుతున్నాయని విన్నాను. దానికి నా దగ్గర రుజువు లేదు."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. యామిని మేడమ్ మైకు అడిగింది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున. బస్సులో మేడమ్."

నవ్వులు వినబడ్డాయి. మేడమ్ నవ్వలేదు. "మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి?"

"పదకొండు మేడమ్. ఫారంలో రెండని రాశాను."

"మీ ఇంటి లెక్కే మీకు తెలియదా?"

"తెలుసు మేడమ్. అడిగినప్పుడు గుర్తు రాలేదు."

"అయితే ఇప్పుడు మీ దగ్గరున్న ఫలితం ఏమిటి?"

తనూజ స్లైడు వైపు చూసింది. "లేదు మేడమ్."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టమ్మా?" అన్నారెవరో వెనకనుంచి. ఈసారి సభంతా నవ్వింది. భోజనానికి లేచారు.

చేతులు కడుక్కునే చోట మేడమ్ ఆమె భుజం తట్టింది. "నిజం చెప్పావు, సంతోషం. మళ్లీ సర్వే చేసి నాకు పంపు."

"ఆ ఫెలో పోస్టు..."

"అది ఇవాళే తేల్చెయ్యాలి కదమ్మా."

సాయంత్రం తేల్చింది. భూపేష్‌కు వచ్చింది. అతను తనూజ దగ్గరికి వచ్చి కాసేపు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. "నేనెప్పుడూ బోరు దగ్గర నిలబడి చూడలేదు తనూజా. ఏమన్నా అడిగితే నీకు ఫోన్ చేస్తా, చెప్తావా?" అన్నాడు. చెప్తానంది. సార్ వేరే బస్సులో పోయాడు.

నిజం చెబితే మనసు తేలికవుతుందని అంటారు. అలాంటిదేమీ జరగలేదు. మెడ నొప్పి పుట్టింది, ఆకలి వేసింది. అప్పటికి పులిహోర అయిపోయింది.

శుక్రవారం ఆమె ఇల్లు చేరేసరికి వెంకటేశ్వర్లు అరుగు మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త: వేంపల్లె ప్రాంతంలో తొంభై ఒక్క శాతం బోర్లలో నీళ్లు, పరిశోధనలో వెల్లడి. భోజనాల వేళకు వచ్చిన విలేకరి అచ్చయిన సంచిక చూసి రాసుకుపోయాడు.

"పేపర్లో కూడా ఏసినారు" అన్నాడు వెంకటేశ్వర్లు.

"అది తప్పు నాయనా."

"పేపరోళ్లకు ఎవురు చెప్పినారు?"

"నేనే."

"అదే నేనూ అంటాండేది."

శనివారం పొద్దున బండి వచ్చింది. టెంకాయవాడు గుర్తు పెట్టిన చోటే దించారు. అయిదు వందల అడుగుల దగ్గర తనూజ ఆపమంది. ఆరు వందల దగ్గర వాళ్లమ్మ ఆపమంది. "ఇంగొక వంద పోనీ" అన్నాడు వెంకటేశ్వర్లు, మూడుసార్లు. ఎనిమిది వందల డెబ్బైకి ఆగింది. తడి అన్నదే తగల్లేదు. తెల్లటి రాతిపిండి చీనీ ఆకుల మీద, వాకిలి మీద, గురమ్మ తలమీద మెత్తగా పడింది. తనూజ చదివిన రాయే అది. పేరు, వయసు, పుట్టుక అన్నీ చెప్పగలదు.

గురమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నీళ్లు యాడుండాయో చెప్పకపోతే పోనీ. యాడ లేవో అన్నా చెప్పింటే బాగుండు."

"చెప్పినా జేజీ."

"ఎవురికి?"

"కర్నూలులో, ఎనభై మందికి."

గురమ్మ పలక ఒకటి మోసుకురమ్మని కొడుక్కు చెప్పింది.

తనూజ ప్రాజెక్టు రిపోర్టులో ఆ అంకె అలాగే ఉంది, 'రైతులు చెప్పిన బోర్లలో' అన్న ముక్కతో. సార్ చేసిన సవరణ అది ఒక్కటే. దానికి ఆమెకు నూటికి డెబ్బై నాలుగు మార్కులు వచ్చాయి. మళ్లీ సర్వే చేసి పంపమన్న మేడమ్‌కు రాస్తే, ప్రాజెక్టు పనులు భూపేష్ చూస్తున్నాడు, అతన్ని సంప్రదించమని జవాబు వచ్చింది. ఎర్రగుంట్ల పని ఇంకా మాటగానే ఉంది.

మే నెలలో ఊరి సచివాలయం నుంచి ఏసుకుమార్ అనే కుర్ర ఉద్యోగి ట్యాబు పట్టుకుని బోర్ల లెక్కకు వచ్చాడు.

"ఎన్ని బోర్లుండాయన్నా?"

"రెండు" అన్నాడు వెంకటేశ్వర్లు.

"పన్నెండు" అంది తనూజ లోపలినుంచి.

ఏసుకుమార్ ఇద్దరినీ చూశాడు. "నీళ్లొచ్చేవి రెండే గదక్కా. తక్కినవాటికి ఇందులో గడి లేదు" అని, రెండు అని కొట్టుకుని పక్కింటికి పోయాడు.

పదకొండో గుంతకు ముప్పై ఎనిమిది వేలు, పన్నెండోదానికి లక్షా ఇరవై ఆరు వేలు రామకోటయ్యకు ఇంకా ఇవ్వాల్సి ఉంది.